ఊరికే వెళ్ళొచ్చాను

షెంగెన్ వీసా దరఖాస్తులో ‘ప్రయాణ కారణం’ అన్న చోట పది గళ్ళుంటాయి. విహారం, వ్యాపారం, చుట్టపుచూపు, సాంస్కృతికం, క్రీడలు, ప్రభుత్వ పని, వైద్యం, చదువు, విమానం మారడం, ఆఖర్న ఇతరములు. మనిషన్నవాడు గడప దాటడానికి ఏమేం కారణాలుంటాయో పెద్దపెద్దవాళ్ళు కూర్చొని ఆలోచించి గీసిన గళ్ళవి. కాదనను. కానీ మనలో సగంమంది సగం పనులు ఏ కారణం చేత చేస్తారో ఆ కారణానికి గడి పెట్టడం మరిచిపోయారు. ఆ కారణం పేరు ‘ఊరికే’.

ఊరికే అంటే డబ్బు పుచ్చుకోకుండా అని ఒక అర్థం. ప్రత్యేకించి పనేం లేకుండా అని ఇంకో అర్థం. కూరగాయల బండివాడు కొత్తిమీర ఊరికే వేస్తాడు. అరుగు మీద తాతయ్య ఊరికే కూర్చుంటాడు. నేను ఈ రెండర్థాల్లోనూ ఊరికే బ్రసెల్స్ వెళ్ళాలనుకున్నాను. లంపటం అక్కడ మొదలైంది.

వెళ్ళాలనుకున్నది ఫాస్‌డెమ్‌కి. ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ఒక శని ఆదివారాలు, బ్రసెల్స్ స్వేచ్ఛా విశ్వవిద్యాలయం వారి సోల్‌బోష్ ప్రాంగణంలో జరిగే తిరునాళ్ళ అది. దేవుడుండడు గానీ మిగతావన్నీ ఉంటాయి. తోపులాట ఉంటుంది, ప్రసాదాలుంటాయి, గడ్డాలుంటాయి, శాఖల మధ్య పాతికేళ్ళ నాటి తగువులుంటాయి. 2000లో రఫాయెల్ బోడువాన్ అనే ఆయన మొదలుపెట్టినప్పుడు దాని పేరు ‘ఓస్‌డెమ్’. ‘ఫ్రీ’ అన్న మాట లేకపోతే ఎలాగని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ కోరడంతో తరవాత ముందొక ‘ఎఫ్’ తగిలించారు. ఇప్పుడు వేలమంది వస్తారు. సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని ఎవరైనా చదువుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని వదిలేసే జనం. కొందరికి అదే ఉద్యోగం. మిగిలినవాళ్ళు రాత్రిళ్ళు, ఆదివారాలు, ఇంట్లో తిట్లు పడే వేళల్లో రాసేవాళ్ళు. నేను రెండో రకం. పగలు జీతానికి ఒక బ్యాంకు లెక్కలు చూస్తాను. రాత్రి, తెలుగు ఒత్తులు తెర మీద ఎక్కడ గతి తప్పుతున్నాయో వెతుకుతాను.

ఈ ‘ఫ్రీ’ గొడవ ఒకటుంది. ఇంగ్లీషులో స్వేచ్ఛకీ ఉచితానికీ అదే మాట. అందుకని 1983లో స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుని ప్రకటించిన దగ్గర్నుంచి ఆ జనం, మేం చెప్పేది స్వేచ్ఛ గురించి, ధర గురించి కాదు మొర్రో అని, తరవాత్తరవాత ఊరికే పోసే బీరుతో పోల్చి మరీ, వివరిస్తూనే ఉన్నారు. నలభై ఏళ్ళు దాటింది, ఇంకా తెమల్లేదు. మన దగ్గర ఆ బాధ లేదు, రెండు మాటలూ వేరువేరుగా, శుభ్రంగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ పేరే ‘స్వేచ్ఛ’. మనవాడికి ఒక్కసారి చెబితే చాలు, తేడా ఇట్టే తెలిసిపోతుంది. తెలిశాక వాడు అడిగేది ఒక్కటే: “అయితే లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదుగా?”

ఫాస్‌డెమ్‌కి టికెట్ లేదు. పేరు నమోదు లేదు. మెడలో వేలాడే బిళ్ళ కూడా లేదు. గేటు దగ్గర నువ్వెవడివని అడిగే నాథుడుండడు. ఆ ఔదార్యానికి నాకు కళ్ళు చెమర్చాయి. వీసా దరఖాస్తులు పుచ్చుకునే చోటికి వెళ్ళాక మళ్ళీ చెమర్చాయి, ఈసారి కారణం వేరు.

“ఇన్విటేషన్ లెటర్ సర్?” అంది కౌంటర్లో అమ్మాయి.

“పిలుపులుండవండీ. ఎవరైనా వెళ్ళొచ్చు.”

“రిజిస్ట్రేషన్ కన్ఫర్మేషన్?”

“రిజిస్ట్రేషనే లేదు.”

“పోనీ, టికెట్ రసీదు?”

“టికెట్టూ లేదండీ.”

టైపు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. “మీరు వెళ్తున్నట్టు వాళ్ళకి తెలుసా సర్?”

“తెలీదు.”

“వెళ్ళకపోతే?”

“అదీ తెలీదు.”

ఆ అమ్మాయిని అనడానికేం లేదు. పదేళ్ళ సర్వీసులో అబద్ధాలు బోలెడు చూసి ఉంటుంది, ఇంత అనుమానాస్పదమైన నిజం చూసి ఉండదు. పక్క కౌంటర్లో కొత్త జంట. పారిస్‌కి హనీమూన్. పెళ్ళి ఆల్బమ్ మోసుకొచ్చారు. వాళ్ళకి గడి ఉంది, రుజువుగా ఆల్బమ్ ఉంది. మనిషికీ మనిషికీ మధ్య ప్రేమైతే ఫొటోలుంటాయి. ఒత్తుల మీద ప్రేమకి ఫొటో ఎవడు తీస్తాడు?

నా వెనకనున్న పెద్దాయన చెవిలో ఊదాడు: “టూరిజం అని టిక్కు పెట్టెయ్యండి మాస్టారూ. ఆ గుండ్ల మేడేదో ఉందిగా, అది చూస్తానని రాయండి.” ఆయన చెప్పేది ఆటోమియం గురించి. ఆయన లోకం చూసినవాడు. గుండ్ల మేడ కింద నిలబడి సెల్ఫీ దిగడానికి ఏడు వేల కిలోమీటర్లు ఎగిరితే అది వివేకం. తను రోజూ చేసే పనినే చేసే నలుగురితో రెండు రోజులు కూర్చొని రావడానికి ఎగిరితే, వీడి వెనక ఏదో ఉంది!

నేను ‘ఇతరములు’ పెట్టాను. దానికి తోడు మూడేళ్ళ ఆదాయపు పన్ను కాగితాలు, ఆరు నెలల బ్యాంకు పద్దు, హోటల్ గది, రానూపోనూ విమానం, ఆఫీసు ఉత్తరం. ఎందుకు వెళ్తున్నానో చెప్పడానికి ఒక్క కాగితం లేదు గానీ, తిరిగొస్తానని నమ్మించడానికి కట్టలకొద్దీ ఉన్నాయి. రుసుము 90 యూరోలు, మన డబ్బుల్లో ఎనిమిది వేల పైమాటే. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా అది వెనక్కి రాదు. స్వేచ్ఛకీ ఉచితానికీ తేడా అక్కడ ఠక్కున బోధపడుతుంది, బీరుతో పని లేదు. ప్రయాణ బీమా ఒకటి, 30,000 యూరోలకు తగ్గకూడదు. రోగమొస్తే వైద్యానికి, పోతే శవాన్ని ఇంటికి పంపడానికి. ప్రాణాలతో ఉన్నంతసేపూ నేను వెనక్కి వెళ్తానన్న నమ్మకం వాళ్ళకి లేదు. పోయాక మాత్రం ఆ పూచీ బీమావాళ్ళది.

వీసా కాదన్నప్పుడు ఇచ్చే కాగితంలోనూ గళ్ళే. అందులో ఒకదాని సారాంశం, గడువు లోపల మీరు మా దేశాలు విడిచి వెళ్తారన్న దాని మీద మాకు సహేతుకమైన సందేహాలున్నాయి అని. అంటే, మా ఊరు మీకంత నచ్చేస్తుందని మా భయం! శీతాకాలపు బ్రసెల్స్ చూసినవాడెవడూ ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఆఫీసు ఉత్తరం దగ్గర ఇంకో ప్రహసనం.

“బయట కోడ్ రాస్తారా? ఎవరికి?” అన్నారు హెచ్చార్‌లో.

“ఎవరికైనా.”

“ఎంతిస్తారు?”

“ఏమీ ఇవ్వరు.”

“పైసా రాని మూన్‌లైటింగ్‌కి మన పాలసీలో క్లాజ్ లేదండీ. లీగల్‌ని అడగాలి.”

లీగల్ వాళ్ళు నాలుగు రోజులు మథనపడ్డారు. డబ్బు తీసుకుని రాస్తే అది ద్రోహం, సులువుగా పట్టుకోవచ్చు. డబ్బు తీసుకోకుండా రాస్తే అదేమిటో తేలలేదు. ఈ మథనమంతా జరిగిన కంప్యూటర్ల వెనక, చల్లని గదిలో నడుస్తున్న సర్వర్లన్నీ లినక్స్‌వే. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాకి రాస్తున్నాను, పెద్దదేం కాబోదు అని నలుగురికీ ముందే చెప్పి మొదలుపెట్టిన వస్తువది. ప్రపంచంలో అత్యంత శక్తిమంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ దాని మీదే నడుస్తోంది. హెల్సింకీలో పుట్టాడు గనక సరిపోయింది. కూకట్‌పల్లిలో పుట్టి ఉంటే, “పెద్దదేం కానప్పుడు ఎందుకురా? మెయిన్‌ఫ్రేమ్స్‌లో చేరు” అని వాళ్ళ నాన్న అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర దింపి, ఫీజు కట్టి మరీ వచ్చేవాడు.

తప్పు నాన్నలది కాదు లెండి. మనకు కంప్యూటరంటే అన్నం. రెండెకరాల పొలం అపార్ట్‌మెంటైంది దానివల్లే, చెల్లెలి పెళ్ళి జరిగింది దానివల్లే. అన్నంతో ఆడుకుంటే ఏ ఇంట్లోనైనా వీపు మీద ఒకటి వేస్తారు.

తెనాలి దగ్గర పల్లెలో ఉండే మా పెదనాన్నకి ఫోన్‌లో చెప్పాను.

“కంపెనీ పంపిస్తోందా?”

“లేదు పెదనాన్నా, నా డబ్బులే.”

“అక్కడ ఉద్యోగమేమన్నా చూసుకుంటావా?”

“లేదు.”

“సభలో మాట్లాడతావా?”

“లేదు. వింటాను.”

“సర్టిఫికెట్టన్నా ఇస్తారా?”

“ఇవ్వరు.”

“మరెందుకురా?”

“ఊరికే.”

అట్నుంచి చప్పుడు లేదు. లైను కట్టయిందనుకున్నాను. కాసేపటికి గొంతు తగ్గించి, “ఒరే, నువ్వూ అమ్మాయీ బాగానే ఉంటున్నారు గదా?” అన్నాడు.

ఈ పెదనాన్నే వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల పిచ్చితో చేతి డబ్బు తగలేసి, హార్మోనియం వాళ్ళని మేపి, కృష్ణుడి వేషానికి అరెకరం హారతిచ్చిన మనిషి. అదేమంటే, “అది కళరా” అంటాడు.

మా బావమరిది ఇంకా సూటిగా వచ్చాడు. “బావా, ఆ ఉపన్యాసాలన్నీ వీడియోలు తీసి ఊరికే పెట్టేస్తారట కదా! లైవ్ కూడా వస్తుందట. సోఫాలో కూర్చొని చూడక, లక్షన్నర పెట్టి వెళ్ళడమెందుకు?” నా దగ్గర జవాబు ఉంది. మనుషుల్ని కలవడం, ముఖాముఖి, వాతావరణం, అదీ ఇదీ అని పావుగంట చెప్పాను. ఆ జవాబు బ్రసెల్స్‌లో ఏమైందో ముందు ముందు మనవి చేస్తాను.

మా ఆవిడ మాట మీద చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి 11 ప్రదక్షిణలు చేశాను. కోరిక తీరితే 108. తిరుగుతున్నవాళ్ళంతా హెచ్1బీలూ ఎఫ్1లూ. పక్కన నడుస్తున్న కుర్రాడు, “ఏ యూనివర్సిటీ అన్నా?” అన్నాడు. యూనివర్సిటీకే గానీ చదువుకి కాదు తమ్ముడూ, రెండు రోజులు కూర్చొని వచ్చేస్తా అన్నాను. వాడు గబగబా అడుగులేసి నన్ను దాటిపోయాడు. నా గాలి సోకితే తన ఐ-20కి ప్రమాదమనుకున్నాడేమో. బాలాజీకి అలవాటు లేని కేసైనా వీసా వచ్చింది. వచ్చినవాడు మరీ ఫిర్యాదు చేయకూడదు గనక ఆ సంగతి అక్కడితో ఆపుతున్నాను.

ఇక బ్రసెల్స్. ఆకాశం నానిన గోనెపట్టాలా ఉంది. వాన పడుతున్నట్టు లేదు గానీ ఒళ్ళు తడుస్తోంది. 71 నంబరు బస్సు నిండా వీపుసంచులు. ల్యాప్‌టాప్ మూత మీద కంపెనీ గుర్తు కనపడకుండా స్టిక్కర్లు అంటించినవాళ్ళు. నుదుటి నామాన్ని బట్టి వడగలవాడో తెంగలవాడో చెప్పినట్టు, ఆ స్టిక్కర్లను బట్టి ఎవడిది ఏ శాఖో చెప్పొచ్చు. శుక్రవారం రాత్రి వీళ్ళంతా ఊరి నడిబొడ్డున ఒక పెద్ద బీరుశాలలో కలుస్తారు. ఆ బీరు ఉపమానం తాలూకు అసలు వస్తువు అక్కడ గ్లాసుల్లో ఉంటుంది. ధర గురించి అడిగాను. స్వేచ్ఛగా చెప్పారు.

శనివారం పొద్దున్న నేను వినదలచిన ఉపన్యాసం, అక్షరాలను తెర మీద పేర్చే విద్య గురించి. గది వెతుక్కుంటూ వెళ్ళేసరికి తలుపు మీద కాగితం: ‘ఫుల్’. తలుపు దగ్గర స్వచ్ఛంద సేవకుడొకడు, నవ్వు ముఖం, ఇనుప గుండె. ఉన్న కుర్చీలకి మించి ఒక్కరు కూడా ఎక్కకూడదు, నిలబడడానికి వీల్లేదు, అగ్నిమాపక నిబంధన. ఒకరు దిగితే ఒకరెక్కాలి. ఆర్టీసీలో పుట్టి పెరిగినవాడిని, ఫుట్‌బోర్డు మీద ప్రయాణించి ఇంజినీరింగ్ చదివినవాడిని, నాకు ‘ఫుల్’ అన్న మాటకి ఇంత అక్షరాలా అర్థం ఉంటుందని ఆ రోజే తెలిసింది. జాన్సన్ అని పెద్ద హాలుంది, దాదాపు 1,400 మంది పడతారు. మన ఒత్తుల గొడవ అంత పెద్ద హాలుకి నోచుకోదుగా.

చేసేదేముంది, వరండాలో హీటరు పక్కన నేల మీద చతికిలబడి ఫోన్ తీశాను. వైఫై రెండు రకాలు. కొత్త పద్ధతి చిరునామాలు మాత్రమే తెలిసినది ఒకటి, దాని జోలికి పోలేని వెనకబడిన యంత్రాలకి ఇంకోటి. ఆ రెండోదానికి ‘ప్రాచీనం’ అని అర్థమొచ్చే పేరు పెట్టారు. నా ఫోన్ సిగ్గూ ఎగ్గూ లేకుండా ప్రాచీనాన్నే పట్టుకుంది. లైవ్ తెరిచాను. ఉపన్యాసకుడు గోడ అవతల ఉన్నాడు, నాకు ఇరవై అడుగుల దూరంలో. వాడు జోకు వేస్తే నవ్వులు ముందు గోడలోంచి వినపడ్డాయి. అర నిమిషం ఆగి అదే జోకు ఫోన్‌లో వచ్చింది, దాని వెనక అవే నవ్వులు. వరండాలో కూర్చున్న మేం పదిహేనుమందిమీ ఏ జోకుకి నవ్వబోతామో ముందే తెలిసిపోయి, తీరా అది వచ్చేసరికి నవ్వలేకపోయాం. సరిగ్గా అప్పుడే మా బావమరిది వాట్సాప్: “బావా, లైవ్ చూస్తున్నా. క్లారిటీ సూపర్. నువ్వెక్కడ, ముందు వరసలోనా?”

మధ్యలో వెనక్కి జరిగాను, కెమెరా హాలు వైపు తిరిగితే నేను లేనని తెలిసిపోతుందేమోనని. వరండాలో ఉన్నవాడు వెనక్కి జరిగితే ఏం లాభమో ఇప్పటికీ అర్థం కాదు.

ఈ ఫాస్‌డెమ్ జనంలో ఇంకో తమాషా ఉండేది. గుప్తలిపి తాళాల మీద సంతకాలు పెట్టుకునే వేడుక కొన్నేళ్ళపాటు ఇక్కడ పెద్దయెత్తున జరిగింది. ఏ ప్రభుత్వమూ తమ ఉత్తరాలు చదవకూడదని ఒట్టేసుకున్న జనం వరసల్లో ఎదురెదురుగా నిలబడి, నువ్వు నువ్వేనని రుజువేమిటి అని ఒకరినొకరు అడిగి, ప్రభుత్వం వారిచ్చిన పాస్‌పోర్టులు చూపించుకునేవారు. పాస్‌పోర్టులో ఫొటోనీ ముఖాన్నీ మార్చి మార్చి చూసే ఆ చూపు నేను వీసా కౌంటర్ దగ్గర చూసినదే.

అయినా వరండా వృథా పోలేదు. పక్కన కూర్చున్న గడ్డపాయన నాది ఏ భాషని అడిగాడు. చెప్పాను. లేచి నిలబడినంత పని చేశాడు. “ఫోన్లని చంపిన భాషా మీది?” 2018 ఫిబ్రవరి సంగతి. ‘జ్ఞా’లో వచ్చే ఒకానొక అక్షరాల వరస ఐఫోన్‌కి అందితే మెసేజీల యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఆగమేఘాల మీద మరమ్మతు పంపింది. వెయ్యేళ్ళ సాహిత్యం, అష్టావధానాలు, ద్విపదలు, శతకాలు, ఇవేవీ ఆయనకి తెలియవు. మన జ్ఞానంలో మొదటి అక్షరం మాత్రం తెలుసు. కాగితం తీసి అది విరిగే చోటు గీసి చూపించమన్నాడు. జకారం కింద ఞ ఒత్తు, మధ్యలో కంటికి కనపడని ఒక అడ్డుగీత, ఆ తరవాత దీర్ఘం. గంటన్నర గీశాం. లోపల ఎవరు ఏం మాట్లాడారో మాకు తెలీదు. పూర్తయ్యాక చూస్తే తలుపు మీద ‘ఫుల్’ కాగితం తీసేసి ఉంది, గది ఖాళీగా ఉంది. వెళ్ళాలనిపించలేదు.

తిరిగొచ్చాక మా సాఫ్ట్‌వేర్ మిత్రుల దగ్గర ఈ కథ చెప్పి, వీసాల మీదా, యూరప్ దురహంకారం మీదా నిప్పులు కక్కుతున్నాను. అందరూ తలలూపుతున్నారు. ఒకడు మాత్రం టీ చప్పరిస్తూ, “మరి డెబ్‌కాన్‌కి వెళ్ళావా?” అన్నాడు. డెబియన్ అనే లినక్స్ శాఖవాళ్ళ వార్షిక తిరునాళ్ళ 2023 సెప్టెంబరులో కొచ్చిలోనే జరిగింది. బీమా అక్కర్లేదు, బ్యాంకు పద్దు అక్కర్లేదు, ప్రదక్షిణలు అక్కర్లేదు. సికింద్రాబాద్‌లో శబరి ఎక్కి, ఇంట్లో కట్టిన పులిహోర తింటూ మర్నాటికి ఎర్నాకుళంలో దిగొచ్చు. 

నేను వెళ్ళలేదు. ఆ వారం పని ఉందన్నాను. ఏం పనో గుర్తులేదు. కొచ్చి వెళ్ళొచ్చానంటే, “ఆహా, బోటులో తిరిగారా?” అని ఊరుకుంటారు. బ్రసెల్స్ వెళ్ళొచ్చానంటే కాలనీ వాచ్‌మన్ కూడా లేచి నిలబడతాడు. నా ఊరికేలో కూడా కాస్త లెక్క ఉన్నట్టుంది. ఆ టీ చప్పరించేవాడిని ఇంకోసారి పిలవదలచుకోలేదు.

పెదనాన్నకి ఒక టీషర్టు తెచ్చాను. ఏదో ఒక బల్ల దగ్గర పెట్టి ఉన్నది. ధర రాసి లేదు, పక్కన విరాళాల డబ్బా ఉంది, వెనకవాళ్ళు చూస్తున్నారు గనక 20 యూరోల నోటు వేశాను. రొమ్ము మీద పెంగ్విన్. ఉగాదికి ఊరెళ్ళినప్పుడు ఇస్తే, మర్నాడు పొద్దున్నే అది తొడుక్కుని పాలకేంద్రానికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను.

“ఏంది బాబాయ్, బాతుబొమ్మ చొక్కా?” అన్నాడు పాలు కొలిచే అతను.

“బాతు కాదురా, పెంగ్విన్. మావాణ్ణి బెల్జియం వాళ్ళు పిలిచి, సభ చేసి, సన్మానంలో ఇచ్చారు.”

“పిలిచారా?” అని అతను నా వైపు చూశాడు. నేను పాలక్యాను వైపు చూశాను.

“ఎంతుంటదంటావ్ ఇట్టాంటి చొక్కా?”

పెదనాన్న రొమ్ము మీద పెంగ్విన్‌ని ఒకసారి సవరించుకున్నాడు.

“కొనడమేందిరా? ఊరికే ఇచ్చారు.”